చీర కట్టుకోవడం రాని పద్దెనిమిదేళ్ల పిల్ల

1956వ సంవత్సరం. మద్రాసులో నేను పనిచేసిన బాలల కోర్టు ఒక పాత బంగళా మేడ మీద నడిచేది. కోర్టంటే బోను, నల్లకోట్లు, బంట్రోతు కేకలు ఉంటాయనుకుని వచ్చినవాళ్లు ఆ గది చూసి తెల్లబోయేవారు. ఒక పొడుగాటి బల్ల, దాని చుట్టూ కుర్చీలు, కిటికీలో మంచినీళ్ల కూజా, అంతే. పోలీసులు కూడా యూనిఫారం తీసేసి మామూలు బట్టల్లో రావాలి. మేజిస్ట్రేటు పక్కన ఒక ఆనరరీ మేజిస్ట్రేటు కూర్చునేవారు. అంటే జీతం లేకుండా, పిల్లల మంచిచెడ్డలు తెలిసిన మనిషని ప్రభుత్వం కూర్చోబెట్టిన పెద్ద.

నా ఉద్యోగం ప్రొబేషన్ ఆఫీసరు. అదేం ఉద్యోగమో మా ఇంట్లోవాళ్లకే చివరిదాకా అంతుబట్టలేదు. మా అత్తగారు చింతాద్రిపేటలో అందరికీ "మా కోడలు జైలు పని చేస్తుంది" అని చెప్పి నా పరువు తీసేది. నేరం చేశారని పట్టుకొచ్చిన పిల్లలు ఎవరు, ఎక్కడుంటారు, ఎందుకు చేశారు అని ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని మేజిస్ట్రేటుకు రిపోర్టు రాయడం మొదటి పని. పిల్లని ఇంటికి పంపిస్తే ఆ తర్వాత ఒక కంట కనిపెట్టి ఉండటం రెండో పని. చెప్పులు అరగడం తప్ప అందులో హోదా ఏమీ లేదు.

అప్పటి చట్టం ప్రకారం పదహారేళ్లు నిండనివాళ్లు మా కోర్టుకు వచ్చేవారు. నిండితే మామూలు కోర్టు, రుజువైతే పెద్దవాళ్ల జైలు. అందుకే మాకొచ్చే ప్రతి కాగితంలో నేను ముందు చూసేది పేరు కాదు, వయసు.

ఆ ఆషాఢంలో ఒక కాగితం వచ్చింది. పేరు చెంగమ్మ. వయసు పద్దెనిమిది. జార్జి టౌన్‌లో ఒక గోడౌనులో ఏలకులు ఏరే కూలి. సాయంత్రం గేటు దగ్గర సోదా చేస్తే కొంగుముడిలో పిడికెడు ఏలకులు దొరికాయి. పద్దెనిమిది అని రాసి ఉంది కాబట్టి పోలీసులు మామూలు కోర్టులోనే హాజరు పెట్టారు. అక్కడి మేజిస్ట్రేటు మంచివాడు. పిల్ల మొహం చూసి అనుమానపడి, వయసు సంగతి పదిహేను రోజుల్లో తేల్చమని మాకు పంపాడు. అంతవరకు పిల్లని రిసెప్షన్ హోములో, అంటే కేసు తేలేదాకా ఆడపిల్లల్ని ఉంచే ఇంట్లో పెట్టారు.

మర్నాడే తల్లి నా ఆఫీసుకు వచ్చింది. పేరు కోటమ్మ. ఆవిడా అదే గోడౌనులో ఏలకులు ఏరుతుంది. భర్త హార్బరులో కూలి. బస్తా మీద పడి కాలు విరిగి ఆరునెలలుగా మంచంలో ఉన్నాడు. అతను మంచం పట్టాకే కూతుర్ని బడి మానిపించి తనతో పనికి తీసుకెళ్లిందట.

"నా బిడ్డకి పద్దెనిమిది నిండినాయమ్మా. అట్నే రాసుకో" అంది, నేను అడక్కముందే.

"ఏ సంవత్సరంలో పుట్టింది?"

"సమచ్చరాలు నాకేం తెలస్తాయి? పద్దెనిమిదంటే పద్దెనిమిదే."

నాకు ఆశ్చర్యమేసింది. నా దగ్గరికొచ్చే తల్లులు పిల్లల వయసు తగ్గించి చెప్పేవాళ్లే. మీసాలొచ్చిన కొడుకుని చూపించి పన్నెండో ఏడు నడుస్తోందమ్మా అని నా మొహం మీదే అన్న మహాతల్లి కూడా ఉంది. పెంచి చెప్పిన తల్లిని చూడటం అదే మొదలు.

చెంగమ్మని డాక్టరుకి చూపించాం. పిల్ల పొడగరి. పదహారు దాటి ఉండవచ్చు, పద్దెనిమిది లోపు అని రాసిచ్చాడాయన. పోలీసుస్టేషనుకి వెళ్లి హెడ్డు కానిస్టేబులుని అడిగాను, పద్దెనిమిది అని ఎలా రాశావయ్యా అని. అతను నన్నే వింతగా చూశాడు. "చీర కట్టుకోనుండాది గదమ్మా. పావడాలో ఉంటే పద్నాలుగు రాసుందును" అన్నాడు. నిజానికి అతన్ని తప్పుపట్టడానికి లేదు. మన ఇళ్లలో లెక్క అదే. పావడా అయితే పిల్ల, ఓణీ వేస్తే ఎదిగిన పిల్ల, చీర కడితే మనిషి. ఆ లెక్క నా బుర్రలోనూ అలాగే ఉంది.

తల్లి పద్దెనిమిది అంటోంది, డాక్టరు పదహారు దాటిందంటున్నాడు, కట్టింది చీర. ఇంక నేను తలకొట్టుకోవడం ఎందుకని వయసు పదహారు పైనే అని రిపోర్టు రాసేశాను. ఒప్పుకుంటున్నాను, రాసేశాను. పిల్లచేత ఒక సంతకం పెట్టించుకుంటే పని అయిపోతుందని మర్నాడు పొద్దున్నే హోముకి వెళ్లాను.

స్నానాల వేళ. హోము చూసుకునే అలమేలమ్మ, మాతో కలగలుపు తెలుగులో మాట్లాడే అరవావిడ, వరండాలో ఎవరిమీదో కేకలేస్తోంది. ఏమిటా అని చూస్తే చెంగమ్మ. వచ్చిన దగ్గర్నుంచి ఒంటిమీది చీర విప్పకుండా ఉంటే, ఆ రోజు బలవంతంగా స్నానం చేయించి వేరే చీర ఇచ్చారట. పిల్ల దాన్ని పందిరి గుంజకు చుట్టినట్టు ఒంటిచుట్టూ చుట్టేసుకుని, మిగిలిన బారెడు గుడ్డ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, కుచ్చిళ్లు ఏ పక్కకి పెట్టాల?" అని అడుగుతోంది అలమేలమ్మని.

"అయ్యయ్యో, చూడండమ్మా ఈ కూత్తు, ఈ వింత! ఇంత పొడుగుండాది, చీర కట్టను తెలీదు" అంది అలమేలమ్మ నాతో.

నాకు చేతిలో రిపోర్టు బరువెక్కినట్టయింది. దగ్గరికి వెళ్లి, "రోజూ నీకు చీర ఎవరు కడతారే?" అన్నాను.

"అమ్మ" అని వెంటనే నోరు మూసుకుంది. తర్వాత, తప్పించుకోలేక, "గోడౌనులో చేరినకాడ్నించి" అని గొణిగింది.

నేనే ఆ చీర విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. చేతులు పని చేస్తుంటే మాటలు తేలిగ్గా వస్తాయి. అంతకుముందు రెండుసార్లు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఉలకని పలకని పిల్ల, నేను కుచ్చిళ్లు పోస్తుండగా నోరు విప్పింది. ఏలకులు ఎందుకు తీశావు అని అడిగాను.

"ఆదివారం పెళ్లి గదా."

"ఎవరి పెళ్లి?"

"మా బొమ్మది" అంది. "పెళ్లికొడుకు బొమ్మ పొన్నిది. తాంబూలంలో ఏలక్కాయ లేకపోతే పొన్ని ఈదంతా చెప్పి ఎగతాళి చేస్తాది. అందుకని తీస్తిని." నా మొహంలోకి చూసింది. "ఆదివారం అయిపోయిందా అమ్మా?"

ఆ ఆదివారం ఎప్పుడో అయిపోయింది. ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. అలమేలమ్మ చూస్తుండగానే ఆ రిపోర్టు నాలుగు ముక్కలు చేసి సంచిలో కుక్కుకున్నాను. బొమ్మ పెళ్లికి ఏలకులు దొంగిలించిన పిల్లని నేను పెద్దాడవాళ్ల జైలుకి పంపబోయాను. నా ఒళ్లు నాకే మండింది.

సాయంత్రం ఆనరరీ మేజిస్ట్రేటు సౌభాగ్యమ్మగారి ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆవిడ తమ్ముడు కెనడాలో చదువుకుంటున్నాడు. అక్కడి పిల్లల చట్టం గురించిన చిన్న పుస్తకం ఒకటి పంపాడు. అది ఆవిడ చేతిలో లేని రోజు నేను చూడలేదు.

"అక్కడ నేరాల చట్టాలు చేసేది దేశం మొత్తానికీ ఒక్క పార్లమెంటేనమ్మా. కోర్టులు నడిపేదీ, నీలాంటివాళ్లని పెట్టుకునేదీ మాత్రం రాష్ట్రాలు" అని పాఠం మొదలుపెట్టారు. "పదహారు లోపు పిల్లలు అని పార్లమెంటు ఒక గీత గీసింది. కావాలంటే పద్దెనిమిది దాకా జరుపుకోండని రాష్ట్రాలకి వదిలింది. కొన్ని జరిపాయి, కొన్ని జరపలేదు."

"అంటే పదిహేడేళ్ల పిల్ల సరిహద్దు దాటితే పెద్దదైపోతుందా?"

"ఆ, అంతే! మనమే తిక్కవాళ్లం అనుకుంటున్నావా?" అని నవ్వారు. "ఇంకొకటి విను. నిజంగా పదహారు లోపున్నా సరే, చూడటానికి అలా కనిపించినా సరే, పిల్ల కిందే లెక్క అని రాశారు. తప్పుచేసిన పిల్ల నేరస్తురాలు కాదు, దారి తప్పిన బిడ్డ, చెయ్యి పట్టుకుని నడిపించాలి అని కూడా రాశారు."

ఆ ముక్క పట్టుకుని నేను మర్నాడు మా మేజిస్ట్రేటు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు. "కెనడా చట్టం ఇక్కడ చెల్లదమ్మా. పైగా మీ పిల్ల చూడటానికి పదహారు దాటినట్టే ఉందని మీ డాక్టరే రాశాడు. చీర కట్టుకోవడం రాదని నేను ఆర్డరులో రాయగలనా? కాగితం తీసుకురండి" అన్నారు. అప్పటికి ఆరు రోజులు మిగిలాయి.

కాగితం ఉందో లేదో తల్లికే తెలియాలి. హార్బరుకి దగ్గర్లో, తోపుడుబండ్లు వరసగా నిలిపి ఉండే సందులో వాళ్ల ఒంటిగది ఇల్లు. వెళ్లగానే విరుచుకుపడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "బొమ్మలతో ఆడుకునే పిల్లకి చీర చుట్టి పనికి తోలావు, ఇప్పుడు జైలుకీ తోలతావా?" అని అరిచాను.

కోటమ్మ ఏడవలేదు. నిదానంగా చెప్పింది. "పావడాలో ఉంటే మేస్త్రి పనికి రానీడమ్మా, అందుకని కడితిని. ఇప్పుడు పిల్లదని చెప్తే ఏమైతాదో నాకు తెల్దా? పిల్లల కోర్టంటే బిడ్డని గుంజుకోని, ఏండ్లకేండ్లు బళ్లో పెట్టి తాళం ఏస్తారంట. మా ఈదిలో ఒకామె కొడుకు పోయి నాలుగేండ్లయింది. పెద్దకోర్టయితే నెలో రెండు నెలలో, బిడ్డ ఇంటికొచ్చేస్తాది."

ఆవిడ మాటలో అబద్ధం లేదు. సర్టిఫైడ్ స్కూలు అని ఒకటి ఉండేది. మా కోర్టు కావాలనుకుంటే పిల్లల్ని అక్కడికి పంపేది, పంపితే ఏళ్ల మాటే. తెలివితక్కువగా అబద్ధమాడుతోందని నేననుకున్న మనిషి, రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టుకుని, బిడ్డ తొందరగా ఇల్లు చేరే దారి ఏదో చూసుకుంటోంది. కాకపోతే ఆ దారి మధ్యలో ఏముందో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. ఆడవాళ్ల జైల్లో నెల్లాళ్లుండి వచ్చిన పిల్లల్ని నేను చూశాను. చెడుదారి పట్టించేవాళ్లు ఎవరెవరు అక్కడే పరిచయమై, బయట గేటు దగ్గర కాచుకుని ఉంటారో చెప్పాను. ఏదీ దాచలేదు.

"మాటియ్యి మరి. ఇంటికి పంపిస్తామని మాటియ్యి" అంది.

"ఇవ్వలేను కోటమ్మా. ఇంటికి పంపమని రాస్తాను, నోరు నొప్పెట్టేదాకా చెప్తాను. తీర్పు నా చేతిలో లేదు."

కోటమ్మ మంచంవైపు తిరిగింది. అక్కడినుంచి భర్త అన్నాడు: "చెప్పెయ్యే. ఆయమ్మ మాటియ్యను అంటా ఉండాదంటే నిజమే చెప్తా ఉండాది."

కోటమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మద్రాసు ఖాళీ అయిన ఏడు పుట్టిందమ్మా" అంది.

ఆ మాట చాలు. నలభై రెండు వేసవి. జపాను వాళ్లు బాంబులేస్తారని ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుని రైళ్ల మీద పడింది. మా ఇంట్లోనూ సగంమంది పోయారు. అంటే చెంగమ్మకి పద్నాలుగు నిండి మూడు నెలలు.

"నిండు నెలలతో మా అమ్మగారి ఊరికని రైలెక్కితిని. సూళ్లూరుపేట కాడ నొప్పులొస్తే దించేసినారు. టేషను పక్కన ఒకామె పురుడు పోసింది. ఆడ చెంగాళమ్మ తల్లి ఉండాది గదా, ఆ తల్లి పేరే పెట్టుకుంటిమి. మర్నాడు ఎవరో పెద్దాయన వచ్చి పేరూ ఊరూ అడిగి పుస్తకంలో రాసుకోని పాయె."

ఆ పెద్దాయన ఊరి మునసబు అయి ఉండాలి. జననమరణాల రిజిస్టరు వాళ్లే రాసేవారు. కోర్టునుంచి ఉత్తరం పంపిద్దామంటే చిక్కొచ్చింది. సూళ్లూరుపేట మూడేళ్ల క్రితం దాకా మాతో ఉన్నదే, ఇప్పుడు ఆంధ్ర రాష్ట్రం. ఈ ఆఫీసునుంచి ఆ ఆఫీసుకి, అక్కడినుంచి తాలూకాకి, వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. సరిహద్దు దాటితే లెక్క మారుతుందా అని కెనడావాళ్లని వింతగా అనుకున్నందుకు నాకు బాగా అయింది. కోర్టు ఉత్తరం చేతపట్టుకుని ఆదివారం పొద్దున నేనే పాసింజరు ఎక్కాను.

మునసబుగారు ముసలాయన. అరుగు మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉత్తరం రెండుసార్లు చదివి, "అమ్మా, మీది మద్రాసు రాష్ట్రం, మాది ఆంధ్ర. మీ కోర్టు చెప్తే నేనెందుకు వినాల?" అన్నారు. నా మొహం చూసి ఆయన నవ్వేశారు. "ఊరికే అంటినిలే. కూర్చో. ఆ ఎండాకాలం మీ మద్రాసు జనమంతా మా ఊరిమీదే పడ్డారు. మా ఊళ్లో పుట్టిన బిడ్డ మా లెక్కే గదా. ఒక్కటీ ఒదల్లేదు నేను."

నిజంగానే వదల్లేదు. లోపలినుంచి తెచ్చిన పుస్తకంలో చెదలు తిన్న అంచు తప్పించుకుని ఒక వరస ఉంది. నలభై రెండు ఏప్రిల్, ఆడ శిశువు, తల్లి కోటమ్మ, కాపురం మద్రాసు, రైలు ప్రయాణంలో ఉండగా ప్రసవం. ఆయన తన చేత్తో నకలు రాసి సంతకం పెట్టిచ్చారు. వాళ్ల ఇంట్లో పెట్టిన ఇడ్లీలు లెక్క లేకుండా తిన్నాను. తిరుగు రైల్లో కూర్చున్న పాటుగా నిద్రపోయాను. పది రోజులుగా అలాంటి నిద్ర లేదు.

కేసు మా కోర్టుకు మారింది. విచారణ రోజు చెంగమ్మ పావడా జాకెట్టులో, రెండు జడలతో వచ్చింది. ఆ బట్టల్లో చూసి, కేసు పెట్టిన గోడౌను గుమాస్తా నీళ్లు నమిలాడు. ఇంత చిన్నపిల్ల అనుకోలేదండీ అన్నాడు. మేజిస్ట్రేటు నకలు చదివి పక్కన పెట్టి, పిల్లని బల్ల దగ్గరికి రమ్మన్నారు.

"ఎందుకు తీశావమ్మా?"

చెంగమ్మ తల్లివైపు చూసింది. కోటమ్మ తలూపింది. "బొమ్మ పెళ్లికి సార్" అంది పిల్ల. సౌభాగ్యమ్మగారు చటుక్కున పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మేజిస్ట్రేటు నా రిపోర్టు చదివారు. గోడౌను పని మాన్పిస్తే తండ్రి మంచం దిగేదాకా ఇల్లు గడిచే దారి ఏమిటని అడిగారు. సందు చివర కుట్టుపని నేర్పి, కుట్టినదానికి కూలి ఇచ్చే ఒకావిడతో మాట్లాడి ఉంచాను, అది చెప్పాను. సర్టిఫైడ్ స్కూలు మాట కూడా ఆయనే ఎత్తారు. "తల్లీతండ్రీ ఉన్నారు, చూసుకునే ఆఫీసరు ఉంది. ఇల్లుండగా స్కూలెందుకు?" అన్నారు. మందలించి తల్లికి అప్పగించడం, ఏడాది పాటు నా సూపర్‌విజన్, అంటే నెలనెలా నేను ఇంటికి వెళ్లి చూసి రావడం. ఆర్డరు అంతే.

ఆర్డరు ఇంగ్లీషులో చదివారు కాబట్టి కోటమ్మకి అర్థం కాలేదు. కళ్లప్పగించి నావైపే చూస్తోంది. "ఇంటికి తీసుకుపో" అన్నాను. ఆవిడ ఉన్నచోటే నేల మీద కూలబడి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. పద్నాలుగేళ్ల పొడగరి పిల్ల తల్లి ఒళ్లో పట్టక కాళ్లు బయటికి చాపింది. నేను కూజా దగ్గరికి వెళ్లి నీళ్లు తాగుతున్నట్టు నటించాను. ఇరవై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో నా గుండె అంత తేలికపడిన రోజు ఇంకొకటి లేదు.

ఆ కేసు నాకు నేర్పినది ఇప్పటికీ కొత్తవాళ్లకి చెబుతుంటాను. వయసు కాగితంలో ఉంటుంది, చట్టానికి ఆ కాగితం కావాలి. ఎంత దూరమైనా పోయి తేవాల్సిందే. కానీ ఆ కాగితం కోసం వెతకాలని తోచాలంటే ముందు పిల్లని చూడాలి. నేను వారం రోజులు చీరని చూశాను. ఇంకొకటి, అబద్ధం చెప్పే తల్లిని తిట్టేముందు ఆవిడ దేనికి భయపడుతోందో అడగాలి. ఈ రెండోది నేర్చుకున్నానని చెప్తాను గానీ, నా నోటి దురుసు సంగతి తెలిసినవాళ్లు నవ్వుతారు.

నాలుగేళ్ల తర్వాత ఒక వేసవి మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఉంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ఆకుపచ్చ నేతచీర. కుచ్చిళ్లు తిరగేసి ఉన్నాయి, కొంగు ఒకవైపు నేలమీద జీరాడుతోంది. టి. నగర్‌లో ఒక బట్టల కొట్లో కుట్టుపని దొరికిందట, ఆ రోజే చేరాలట. దారిలో నాకు చూపించిపోదామని వచ్చిందట.

లేచి ఆ కుచ్చిళ్లు సరిచేద్దామని చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. "మీ అమ్మ కట్టిందా?" అన్నాను.

"లేదమ్మా, నేనే కట్టుకుంటిని" అంది చెంగమ్మ. బల్ల మీదున్న నా పెన్ను తీసి నా చేతికిచ్చింది. "ఇప్పుడు రాసుకోండి, పద్దెనిమిదని."